మందు ఎంత, క్రిమి ఎంత: ఇంట్లో కొలత తప్పకుండా చూసుకోవడం ఎలా

అవ్వ చేతిసంచిలోంచి స్టీలు స్పూను తీసి కౌంటర్ మీద పెట్టింది. దాని పక్కన సగం ఖాళీ అయిన జ్వరం సిరప్ సీసా. "రాత్రి నుంచి రెండుసార్లు పోసినా నాయనా, ఈ స్పూనుతోనే, నిండుగా. జొరం తగ్గతా ఉంది, మళ్లీ వస్తా ఉంది. ఇంగొక సీసా ఇయ్యి" అంది. చంద్రగిరి పక్క పల్లె నుంచి మనవణ్ణి చంకన వేసుకుని బస్సులో వచ్చింది.

నేను సూది లేని సిరంజితో ఆ స్పూనులో నీళ్లు నింపి చూశాను. టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు అని డాక్టర్లు రాస్తారు. అవ్వ స్పూనులో అంచుదాకా 8 పట్టాయి. సీసా మీద 250 అని ఉంది, అంటే 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాముల మందు. పిల్లాణ్ణి త్రాసు మీద నిలబెడితే 12 కిలోలు. అంటే ఒక్కో విడతకు 400 మిల్లీగ్రాములు పోయింది. ఆ బరువుకు 180 దాటకూడదు. ఇంకో సీసా ఇవ్వలేదు. జరిగింది ఒక చీటీ మీద రాసిచ్చి, ఇప్పుడే పిల్లల డాక్టరుకు చూపించమని పంపాను.

తిరుపతిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి పద్దెనిమిదేళ్లయింది. "ఏ మందు వాడాలి?" అని అందరూ అడుగుతారు. "ఎంత వాడాలి?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. రోగం విషయంలోనూ అంతే. నీళ్లలో క్రిములున్నాయా అంటారు గానీ, ఎన్ని లోపలికి పోతే పడకేస్తామో ఆలోచించరు. నాకు ఈ రెండూ ఒకే లెక్కలా కనిపిస్తాయి. కడుపులోకి పోయే క్రిముల సంఖ్య తగ్గించాలి, కడుపులోకి పోసే మందు కొలిచి పోయాలి. ఎండలు ముదిరి, గంగమ్మ జాతర దగ్గరపడే రోజుల్లో మా షాపుకు వాంతులు, విరేచనాల చీటీలు వరసగా వస్తాయి. అలాంటి రోజు మీ ఇంటికి వస్తే ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెప్తాను.

ముందు క్రిమి లెక్క చూసుకోండి

అన్ని క్రిములూ ఒకే సంఖ్యలో పోతే జబ్బు చేయవు. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా 10 నుంచి 100 బ్యాక్టీరియాలు పోతే చాలు. వాంతులు తెచ్చే నోరోవైరస్ కూడా అంతే, కొద్ది పదుల కణాలతోనే పట్టుకుంటుంది. కలరా అలా కాదు. కడుపులో ఆమ్లం బాగా ఉన్న ఆరోగ్యవంతుడికి కలరా రావాలంటే కోట్ల సంఖ్యలో క్రిములు పోవాలి. టైఫాయిడ్‌కు కూడా మామూలుగా వేలు, లక్షలు కావాలి.

ఈ తేడా తెలిస్తే మీరు చేయాల్సిన పని తేలిపోతుంది. పది క్రిములకే పట్టుకునే జబ్బుకు నీళ్లు ఒక్కటే దారి కాదు. చెయ్యి, తువ్వాలు, తలుపు గడియ చాలు. లక్షలు, కోట్లు కావలసిన జబ్బు మాత్రం ఎక్కువగా పాడైన నీళ్లలో, గంటల తరబడి బయట ఉన్న తిండిలో వస్తుంది.

అందుకని ఇంట్లో ఒకరికి విరేచనాలు మొదలైన గంటలోనే చేతుల సంగతి చూడండి. పిల్లాణ్ణి కడిగిన తర్వాత, వంటకు ముందు, తినిపించే ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్దండి, గోళ్ల సందుల్లో కూడా. శానిటైజర్‌ను నమ్ముకోవద్దు, నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. విరేచనాలు అవుతున్న మనిషి వంట చేయకూడదు. తగ్గాక కూడా రెండు రోజులు ఆగాలి. మన ఇళ్లల్లో ఇది కష్టమని తెలుసు. అమ్మకే వస్తే వంట ఎవరు చేస్తారు? అయినా ఆ రెండు రోజులు ఇంకెవరైనా పొయ్యి దగ్గరికి పోవాల్సిందే. మిగతా పిల్లలకు రాకుండా ఆపేది అదే.

తర్వాత నీళ్లు. కల్యాణి డ్యామ్ నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా, బోరువైనా, 20 లీటర్ల క్యానువైనా, జబ్బు ఉన్న రోజుల్లో కాచి చల్లార్చినవే తాగండి. గిన్నె అడుగున చిన్న బుడగలు వచ్చినంత మాత్రాన చాలదు. నీళ్లు తెర్లి పైకి పొంగుతూ ఒక నిమిషం మరగాలి. ఆ తర్వాత బిందెలో పోసి చెంబు ముంచితే పడిన శ్రమంతా పోయినట్టే. చెంబు పట్టుకున్న వేళ్లు నీళ్లలో మునుగుతాయి. పిడి పొడుగున్న గరిటె వాడండి, లేదంటే కొళాయి ఉన్న పాత్ర పెట్టుకోండి. క్లోరిన్ బిళ్లలు వేసేవాళ్లు ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద చూసి వేయండి, వేశాక అరగంట ఆగండి. ఇదీ మోతాదే. 20 లీటర్ల బిళ్లను ఒక బిందెలో వేస్తే ఆ వాసనకు పిల్లలు నీళ్లే తాగరు.

ఇక తిండి. అన్నీ అనుకూలిస్తే బ్యాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. పొద్దున 6 గంటలకు నూరిన టెంకాయ చట్నీలో 100 క్రిములు ఉన్నాయనుకోండి. మే నెల ఎండలో అది వంటింటి గట్టు మీదే మధ్యాహ్నం 1 గంట దాకా ఉంటే 21 సార్లు రెట్టింపు కావచ్చు. లెక్క వేస్తే 20 కోట్లు దాటుతుంది. పొద్దున ఏమీ చేయని చట్నీ మధ్యాహ్నం మంచాన పడేస్తుంది, దానికి కారణం ఇదే. కాబట్టి టెంకాయ చట్నీ ఏ పూటకు ఆ పూటే నూరండి. వండిన కూర, పప్పు రెండు గంటలకు మించి బయట పెట్టకండి, ఎండాకాలం గంటకే ఫ్రిజ్‌లో పెట్టండి.

వేడి చేస్తే అన్నీ చచ్చిపోతాయనే నమ్మకం ఒకటుంది. బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ నిన్నటి అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు. విరేచనాల్లో ఉన్న బిడ్డకు ఆ పూట ఉడికించిన అన్నమే పెట్టండి.

ఒక మాట పెద్దవాళ్ల కోసం. రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువైపోయారు. ఆ బిళ్ల కడుపులోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆ ఆమ్లమే క్రిములను చంపే మొదటి కాపలా. 1970లలో అమెరికాలో వాలంటీర్ల మీద కలరా పరీక్షలు చేసినప్పుడు, ముందుగా సోడా బైకార్బొనేట్ తాగించి ఆమ్లం తగ్గిస్తే, జబ్బు రావడానికి కావలసిన క్రిముల సంఖ్య వేల రెట్లు పడిపోయింది. గ్యాస్ బిళ్ల అవసరమున్నవాళ్లకు అవసరమే, మీ అంతట మీరు మానేయొద్దు. కానీ డాక్టరు రెండు వారాలకు రాసిన బిళ్లను రెండేళ్లుగా కొంటున్నవాళ్లు ఇంకా కావాలా వద్దా అని ఒకసారి వెళ్లి అడగండి. అందాకా బయటి పచ్చి తిండి, బయటి నీళ్ల విషయంలో మిగతావాళ్లకన్నా జాగ్రత్తగా ఉండండి.

ఓఆర్ఎస్ కలపడం

విరేచనాలకు మొదటి మందు ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బెంగాల్ సరిహద్దులోని శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర నీళ్లు డ్రమ్ముల్లో కలిపి తాగించి వేలమందిని బతికించారు. అంత పని చేసే మందు కూడా కొలత తప్పితే పని చేయదు.

పెద్ద ప్యాకెట్ 1 లీటరుకు. ప్యాకెట్ బరువు దాదాపు 20.5 గ్రాములు ఉంటుంది. 1 లీటరు ఎంతో కంటితో ఊహించకండి. లీటరు వాటర్ బాటిల్ కడిగి పెట్టుకుని, కాచి చల్లార్చిన నీళ్లు దాంతో కొలవండి. ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయండి. ఒక గ్లాసులో కొంచెం పొడి వేసి మిగతాది మడిచిపెట్టే అలవాటు ఇంటింటా ఉంది, దయచేసి మానేయండి. గ్లాసులో పొడి ఎక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు మరింత చేటు, పలచనైతే ఫలితం ఉండదు. ఒక గ్లాసే కావాలంటే 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు అడిగి తీసుకోండి. పాలు, జ్యూసు, సోడాలో కలపకూడదు. చక్కెర అదనంగా వేయకూడదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందేమో చూడండి. అట్టపెట్టెల్లో తియ్యగా దొరికే పానీయాలు వేరు. ఆ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. పేరు చూసి తియ్యటి నీళ్లు కొనుక్కుపోయి, బిడ్డకు విరేచనాలు ఇంకా ఎక్కువై తిరిగి వచ్చిన తల్లులను నేను చూశాను.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వాళ్లకు 100 నుంచి 200. గ్లాసు ఎత్తి తాగిస్తే వాంతి అవుతుంది. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక స్పూను చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపొద్దు. ప్యాకెట్ దొరకని రాత్రి అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 5 మిల్లీలీటర్ల స్పూనుతో తలకొట్టి 6 స్పూన్లు చక్కెర, అర స్పూను ఉప్పు. ఉప్పు దగ్గర చెయ్యి జారనివ్వకండి.

దీనికి తోడు జింక్ 14 రోజులు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10. విరేచనాలు మూడో రోజుకే తగ్గాయని ఆపేస్తారు. ఆపకూడదు, మళ్లీ రాకుండా ఉండేందుకే ఆ పద్నాలుగు రోజులు. పెద్దవాళ్లు వేసుకునే మోషన్లు ఆపే బిళ్లను విరిచి పిల్లలకు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

జ్వరం మందు బరువును బట్టి

పారాసెటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక విడతకు. విడతకూ విడతకూ కనీసం 4 నుంచి 6 గంటలు. రోజుకు నాలుగు విడతలు మించొద్దు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఏమీ పోయకుండా నేరుగా డాక్టరు దగ్గరికి.

చిక్కంతా సీసా దగ్గరే. ఒకే పేరుతో మూడు రకాలుంటాయి. 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి, చంటిపిల్లల డ్రాప్స్ ఒకటి. డ్రాప్స్ చిన్న సీసా, చంటిబిడ్డల బొమ్మ ఉంటుంది కాబట్టి పలచనిది అనుకుంటారు. నిజానికి అదే చిక్కనిది, 1 మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు.

12 కిలోల పిల్లాడికి విడతకు 150 ఇవ్వాలనుకోండి. 125 సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. 250 అయితే 3. డ్రాప్స్ అయితే ఒకటిన్నర. అలవాటుగా 6 మిల్లీలీటర్ల డ్రాప్స్ పోస్తే ఒక్క గుక్కలో 600 మిల్లీగ్రాములు పోతుంది. ఆ పిల్లాడికి రోజంతా కలిపి ఇవ్వాల్సినది అది. ఇలా ఒకటి రెండు రోజులు సాగితే దెబ్బతినేది లివర్. మొదటి రోజు బయటికి ఏమీ కనిపించదు, అదే నా భయం. కాబట్టి సీసా మారిన ప్రతిసారీ లెక్క కొత్తగా వేసుకోండి.

స్పూను వంటింట్లోనే ఉండనివ్వండి. మందుల షాపులో 5 మిల్లీలీటర్ల సిరంజి కొని, సూది తీసి షాపులోనే వదిలేయండి. సీసా బాగా కుదిపి, మందు లాగి, సిరంజిని కంటి ఎత్తులో నిలువుగా పట్టుకోండి. గాలి బుడగ ఉంటే గోటితో తట్టి పైకి పంపి బయటికి నెట్టండి. పిల్లాణ్ణి పడుకోబెట్టి గొంతులో కొట్టకండి. కూర్చోబెట్టి, చెంప లోపలి వైపుకు కొద్దికొద్దిగా నెట్టండి. మందు పోసిన 15 నిమిషాల లోపు వాంతి చేసుకుంటే మళ్లీ ఒకసారి ఇవ్వచ్చు. ఆ తర్వాత అయితే కొంత లోపలికి పోయి ఉంటుంది, తర్వాతి విడత వరకు ఆగండి.

జలుబు మందు కూడా పోస్తున్నారా? దాని లేబుల్ చదవండి, చాలావాటిలో పారాసెటమాల్ కలిపే ఉంటుంది. రెండు సీసాలు కలిస్తే మోతాదు రెట్టింపు. అసలు రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకూ సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011 నుంచి నిషేధం. ఆస్పిరిన్ పిల్లల జ్వరానికి వద్దే వద్దు.

పొడి సీసా, చీటీ మీద అంకెలు

యాంటీబయోటిక్ సీసాలు కొన్ని పొడితో వస్తాయి. మూత తీయకముందే సీసాను తట్టి పొడిని వదులు చేయండి. కాచి చల్లార్చిన నీళ్లు గీత కింద దాకా పోసి కుదపండి, నురగ దిగనివ్వండి, అప్పుడు గీత దాకా నింపండి. నురగను చూసి గీత వచ్చిందనుకుంటే మందు చిక్కగా ఉండిపోతుంది. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. ఫ్రిజ్‌లో పెట్టమని ఉంటే తప్పక పెట్టండి. చాలా రకాలు 7 రోజులే పనికొస్తాయి. మిగిలినది తమ్ముడికి దాచిపెట్టడం వద్దు. అసలు సాధారణ నీళ్ల విరేచనాలకు యాంటీబయోటిక్ అవసరమే ఉండదు. రాయాలా వద్దా అన్నది డాక్టరు చూసి తేల్చాలి.

చీటీ మీద 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. బిళ్ల పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే నలగ్గొట్టకూడదు. రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒకేసారి రక్తంలోకి దిగుతుంది. మా షాపులో కూడా స్ట్రిప్ కత్తిరించి ఇస్తాం. పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క మీకు ఇవ్వమని అడగండి, అది మీ హక్కు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఒక్క విషయం గోడ మీద రాసిపెట్టుకోండి: అది వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో ఇన్సులిన్ వాడే అమ్మానాన్నలు ఉంటే ఇక్కడ కాసేపు ఆగి చదవండి. మన దగ్గర సీసాలు రెండు బలాల్లో వస్తాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ రంగు మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 20 యూనిట్లు కాదు, 50. నిద్రలోనే షుగర్ పడిపోతుంది. అదే 40 సీసాకు నారింజ మూత సిరంజి వాడితే మందు సగానికన్నా తక్కువ పడి షుగర్ దిగదు. సీసా మారినా, షాపు మారినా, సీసా మీది అంకెనూ సిరంజి మూత రంగునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ బిళ్లయినా మర్చిపోతే, తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకండి.

ఎప్పుడు ఇంట్లో ఆగకూడదు

విరేచనంలో రక్తం, కళ్లు లోపలికి పోవడం, ఆరు గంటలుగా ఒంటేలు లేకపోవడం, లేపితే లేవనంత మత్తు, ఏది తాగినా కక్కేయడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. మందు ఎక్కువ పోయిందని అనుమానం వచ్చినా అంతే, లక్షణాల కోసం ఎదురు చూడొద్దు. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. సీసా, స్పూను, మిగిలిన బిళ్లలు సంచిలో వేసుకుని వెళ్లండి. ఎన్ని గంటలకు ఎంత పోశారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని తగ్గించి చెప్పేవాళ్లుంటారు. డాక్టరు వేసే లెక్క అంతా మీరు చెప్పే ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

అవ్వ నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ఒక రోజు ఉంచుకుని, ఏమీ కాలేదని పంపించారట. ఈసారి మనవడు నడుచుకుంటూ వచ్చాడు. "నాకు అంకెలు రావు నాయనా, నువ్వే చూపించు" అంది. కొత్త సిరంజి తీసి 3 మిల్లీలీటర్ల దగ్గర ఎర్రటి గోళ్లరంగుతో చుట్టూ గీత గీశాను. అదే రంగుతో 250 సీసా మూత మీద ఒక చుక్క పెట్టాను, ఆ సిరంజి ఆ సీసాకే అని గుర్తు. కౌంటర్ మీదే నీళ్లతో మూడుసార్లు లాగించాను. మూడోసారి ఆమే బుడగ చూసి గోటితో తట్టింది. మీ ఇంట్లో అంకెలు చదవలేని పెద్దవాళ్లు పిల్లలను చూసుకుంటుంటే ఇలాగే చేసివ్వండి. మూడు నెలలకొకసారి పిల్లాణ్ణి తూచి, పాత గీత చెరిపి కొత్తది గీయండి.